ఊద గడ్డి సాక్ష్యం

గంగానమ్మ గుడి ముందు తడిబట్టలతో నిలబడి, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, "నేను దొంగతనం చెయ్యలేదు" అని ప్రమాణం చెయ్యమన్నారు. చెయ్యనన్నాను. అలా కాదన్నవాడు మా ఊళ్లో అంతకుముందు లేడట. అయితే నేనే మొదటివాణ్ని.

మాది మొవ్వకీ ఘంటసాలకీ మధ్యనున్న ఊరు. నా పేరు వాసు. ఇరవై రెండేళ్లుగా ఊళ్లో వరిచేలకి మందు కొట్టేది నేనే. సొంతానికి ఎకరంన్నర ఉంది. శోభనాద్రి గారి పొలంలో నాలుగెకరాలు కౌలుకి చేస్తాను. ఆయన మాకు చుట్టమేం కాదు. కానీ నేను బాబాయి అంటాను, ఆయన ఒరేయ్ అంటాడు. ఇద్దరికీ అలా కుదిరింది.

కిందటి సార్వాలో, అంటే వానాకాలం పంటకి, ఆయన నా కౌలు పోగా తను చేసుకునే పన్నెండెకరాలూ వెదజల్లించాడు. నాట్లకి మనుషులు దొరకడం లేదని ఇప్పుడు డెల్టాలో సగంమంది అదే పని చేస్తున్నారు. నారు పోసి నాటితే వరికి ముందు అడుగు దొరుకుతుంది. విత్తనం చల్లేస్తే వరీ కలుపూ ఒక్క రోజునే పుడతాయి. కలుపంటే మాకు ముఖ్యంగా ఊద. చిన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది. ఆకు మొదట్లో వరికి చిన్న నాలుకలాంటిది ఉంటుంది, ఊదకి ఉండదు. వంగి చూస్తే తప్ప తెలియదు. వంగే ఓపిక ఎవడికుంది? ఇరవయ్యో రోజున వాసుని పిలిస్తే అయిపోతుంది.

పిలిచాడు. ఎనిమిది సీసాలు చేతికిచ్చాడు. చేలో నీళ్లు తీయించి, బ్యాటరీ పంపు తగిలించుకుని, రెండు పూటల్లో పన్నెండెకరాలూ కొట్టాను. మా దగ్గర ఒక వాడుక ఉంది. మందు కొట్టినవాడు ఖాళీ సీసాలు పారెయ్యకూడదు. గట్టు మీద పుల్లలు పాతి, వాటికి సీసాలు బోర్లించి వెళ్లాలి. రైతు వచ్చి లెక్క చూసుకుంటాడు. ఎనిమిది పుల్లలు పాతాను, ఎనిమిది సీసాలు బోర్లించాను.

ఊద చావలేదు. ఆకు కాస్త పాలిపోయింది. వారం తిరిగేసరికి తేరుకుంది. నెల తిరిగేసరికి వరికి జానెడు పైన తలలెత్తి నిలబడింది. ఎన్ని ఎకరాలంటే ఏం చెప్పను, గట్టు మీద నుంచి చూస్తే అడుగున వరి ఉందన్న సంగతే అనుమానంగా ఉంది.

ఒకనాడు పొద్దున్నే కబురొచ్చింది. వెళ్లాను. శోభనాద్రి గారి అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. ఆయన తాపీగా పేపరు మడిచాడు.

"ఏరా వాసూ, ఎనిమిది సీసాలిచ్చాను కదా."

"ఎనిమిదీ కొట్టాను బాబాయి. ఖాళీవి గట్టు మీదే ఉన్నాయి."

"ఖాళీ అయినాయని నాకూ తెలుసు. ఎక్కడ ఖాళీ అయినాయో తెలియాలిగా."

అరుగు మీదున్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

"నేను అమ్ముకున్నానంటారా?"

"నేనేం అన్లేదు. ఊరంటోంది. ఒరేయ్, నువ్వు కొట్టావో లేదో చూసొచ్చినవాడు లేడు. గంగానమ్మ చూసింది. ఉగాదిలోపు తల్లి దగ్గర ఒక్క మాట అనెయ్. నాలుగెకరాలూ నీవే, మందు కొట్టే పనీ నీదే. లేదంటావా, నీ దారి నీది."

నా దారి నాది అంటే ఏమిటో నాకు తెలుసు. కౌలు పోతుంది. దొంగన్న పేరు పడ్డాక పక్క ఊళ్లో కూడా ఎవడూ పంపు ముట్టుకోనివ్వడు.

ఇంటికొచ్చి అన్నపూర్ణకి చెప్పాను. నా భార్య బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"చేసెయ్యరాదూ? బిందెడు నీళ్లు పోసుకుని ఒక్క మాట. చెయ్యని పనికి భయమెందుకు?"

"మా నాన్నా చెయ్యని పనికే చేశాడు."

అప్పుడు చేట ఆపింది.

నేను ఏడో తరగతిలో ఉండగా కాలవ తూము తలుపు ఎత్తి వంతు కాని రోజున నీళ్లు మళ్లించాడని మా నాన్న మీద పెట్టారు. చలికాలం. తెల్లవారకముందే చెరువులో మునిగి, తడి పంచెతో వణుకుతూ కర్పూరం ఆర్పాడు. ఊరంతా సరేనంది. ఆర్నెల్లకి కామెర్లొచ్చి పోయాడు. "చూశారా, అబద్ధపు ప్రమాణం తిప్పికొట్టింది" అంది అదే ఊరు. ఆ తూము ఎత్తింది ఎవరో పదేళ్ల తర్వాత వాళ్లింట్లో వాళ్లే బయటపెట్టారు. అప్పటికి నా పుస్తకాలు చెదలు తినేశాయి. నిజం చెప్పినవాడికి జబ్బు చెయ్యదని ఏ దేవతా ఎవరికీ మాటివ్వలేదు. ప్రమాణం చేసినవాడు ఇక జీవితమంతా దగ్గినా తుమ్మినా సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ పని నేను చెయ్యను.

"మరి ఏం చేస్తావ్?" అంది అన్నపూర్ణ.

"తెలియదు. అది మాత్రం చెయ్యను."

అక్టోబరులో ఒకరోజు శోభనాద్రి గారి చేను గట్టు మీద ఎవరో ఆడమనిషి వంగి ఊద కంకులు దులుపుకుంటోంది. కాగితం కవర్లు, మెడలో ఐడీ కార్డు, కాళ్లకి బురద. నాకు అప్పటికే ఒళ్లు మండుతోంది.

"వడ్లు ఏరుకునేవాళ్లని చూశాంగానీ, ఊద గింజలు ఏరుకునేవాళ్లని ఇప్పుడే చూస్తున్నామమ్మా."

ఆమె తల తిప్పి నవ్వింది. "మీ రైతులు మాటలకి దొరకరండీ, మీ ఊద దొరుకుతుంది. పేరు ఝాన్సీ. బందరు వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చాను. కలుపు మందులకి లొంగని ఊద ఎక్కడెక్కడుందో చూస్తున్నాం."

"లొంగకపోవడమేంటి? మందు కొడితే చావదా?"

"లక్ష మొక్కల్లో ఒకటో రెండో పుట్టుకతోనే ఆ మందుకి చావనివి ఉండొచ్చండీ. మిగతావాటిని మనం చంపేస్తాం. అవి బతికి గింజ రాలుస్తాయి. ఏటా అదే మందు కొడితే కొన్నేళ్లకి చేనంతా వాటి సంతానమే."

"అంటే పోటీవాళ్లందర్నీ మేమే చంపి, వాటికి పొలం రాసిచ్చామన్నమాట. కౌలు కూడా లేకుండా."

ఆమె గట్టిగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇరవై రెండేళ్లలో ఇలాంటి మాట నాతో ఎవరూ చెప్పలేదు.

"ఎకరానికి ఎంత కొడతారండీ?" అని అడిగింది.

"సీసా మీద రాసినట్టే" అన్నాను. అబద్ధం. ఆ సంగతి తర్వాత చెబుతాను.

"ఇది చావని ఊదేనని ఊరికి చూపించాలంటే ఎట్లా?" అని అడిగాను.

"ఎప్పుడూ మందు తగలని చోట పుట్టిన ఊద గింజలు కావాలి. ఈ గింజలూ ఆ గింజలూ పక్కపక్కన మొలిపించి, ఒకే సీసాలో మందు ఒకే కొలతతో కొట్టాలి. అవి చచ్చి ఇవి బతికితే ఇక మాటలక్కర్లేదు. కానీ డెల్టాలో మందు తగలని నేల ఎక్కడుందండీ?"

నాకు తెలుసు ఎక్కడుందో.

కార్తీకంలో దివిసీమ వెళ్లాను. అవనిగడ్డ, నాగాయలంక దాటి, ఏటిమొగ దగ్గర ఏరు దాటించే పంటు ఎక్కి ఎదురుమొండి దీవిలో దిగాను. అక్కడ సుబ్బారావని చేపల వేటకెళ్లే మనిషి ఉన్నాడు. ఎండుచేపలు అమ్ముకోవడానికి మా ఊరు వచ్చి, మా ఇంట్లో నాలుగు మెతుకులు తిని వెళ్లేవాడు. వాళ్లింటి వెనక అరెకరం ఉప్పునేల ఉంది. వాన పడితే వరి చల్లుతాడు, పడకపోతే లేదు. మందు కొట్టడం అతనికి తెలియదు.

"ఏం బావా, చేపలకి కాకుండా గడ్డికొచ్చావా ఇంత దూరం?" అన్నాడు సుబ్బారావు.

"గడ్డికే."

"మా అక్కయ్య అన్నం పెట్టడం మానేసిందేంటి?"

సంగతంతా చెప్పాను. అతను వల బాగుచేస్తూ విన్నాడు. చివరికి, "మాకు నయం. మా సముద్రంలో ఎవడు ఎన్ని చేపలు పట్టాడో అడిగితే అందరూ అబద్ధమే చెబుతారు. ఎవడూ ప్రమాణం చెయ్యమనడు" అన్నాడు. ఇద్దరం కలిసి చేలో మిగిలిన ఊద కంకులు గోనె మీద దులిపాం. సంచిలో మూడు గుప్పెళ్లు వచ్చాయి. తిరిగొచ్చేటప్పుడు పంటు మీద ఆ సంచి ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను.

వచ్చీ రాగానే ఆగలేకపోయాను. రెండు ప్లాస్టిక్ టబ్బుల్లో మట్టి పోసి, ఒకదాంట్లో మా ఊరి ఊద గింజలు, ఒకదాంట్లో ఎదురుమొండివి చల్లి, గుడి అరుగు మీద పెట్టి, "ఇరవై రోజుల్లో అందరూ రండి, చూపిస్తా" అని టీ కొట్టు దగ్గర చాటాను. ఇరవై రోజులకి అందరూ వచ్చారు. రెండు టబ్బుల్లో కలిపి మూడు మొలకలున్నాయి.

"ఏరా, మందు కొట్టకుండానే చచ్చాయా?" అన్నాడొకడు.

"వాసు చెయ్యి పడితే మొలవడానిక్కూడా భయమే" అన్నాడింకొకడు.

శోభనాద్రి గారు నవ్వలేదు. అది ఇంకా మండింది. "తల్లి చెప్పాల్సింది చెప్పిందిరా" అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఝాన్సీ మేడంకి ఫోన్ చేసి అరిచాను. మీ చదువులు మీ దగ్గరే పెట్టుకోండి, నా పరువు తీశారు అన్నాను. ఆవిడ అంతా విని, "వాసు గారూ, ఎప్పుడు రాల్చారు, ఎప్పుడు చల్లారు?" అంది.

"రాల్చిన మూడో రోజునే చల్లాను."

"ఊద గింజ రాలగానే మొలవదండీ. దానికి నిద్ర ఉంటుంది. మీరు వరి కోసి, మినుము తీసి, మళ్లీ నీళ్లు పెట్టి దమ్ము చేసేదాకా పడుకుంటుంది. మీరు లేచినప్పుడే లేస్తుంది. ఎండబెట్టి మూడు నెలలు దాచండి. నేనే వస్తాను."

నా జీవితమంతా చూసిన గడ్డి. ఊద ముందు తల నెరిసింది నాకు. అది నిద్రపోతుందని మాత్రం తెలియదు. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే గింజలు రెండు వేరువేరు సంచుల్లో కట్టి, చూరుకి వేలాడదీశాను.

శివరాత్రికి వారం ముందు ఆవిడ వచ్చింది. ఊళ్లో మినుము పీకుతున్న రోజులు. టబ్బులు చాలవంటే, గుడివాడలో చేపల ప్యాకింగు దగ్గర పారేసిన థర్మాకోల్ పెట్టెలు ఆరు తెచ్చాను. ఎంత కడిగినా చేపల వాసన పోలేదు. పెట్టెలు దించగానే వీధిలో పిల్లులన్నీ గుడి చుట్టూ చేరాయి.

"పోన్లే, సాక్షులు కావాలన్నావుగా" అంది అన్నపూర్ణ. కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నది మాత్రం తనే.

ఒక వరసలో మా ఊరి ఊద, ఒక వరసలో ఎదురుమొండి ఊద. వరసకి మూడు పెట్టెలు. మొదటిదానికి మందు లేదు, రెండోదానికి సీసా మీదున్న కొలత, మూడోదానికి రెట్టింపు. మేడం స్కెచ్ పెన్నుతో రాస్తుంటే చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

"మేడం, ఇంకో రెండు పెట్టెలు కావాలి."

"ఎందుకండీ?"

"మీకు అప్పుడు అబద్ధం చెప్పాను. సీసా మీద ఎకరానికి అని ఉంటుంది. మేం దాన్ని ఎకరంన్నరకి సాగదీస్తాం. ఊరంతా అంతే. పన్నెండెకరాలకి ఆయన నాకిచ్చింది ఎనిమిది సీసాలు. 'వాసు చెయ్యి పడితే సీసాకి ఎకరంన్నర' అని నాకు పేరు. ఆ పేరు కోసం గబగబా నడిచి కొట్టేవాణ్ని. ఊరి కొలత కూడా పెట్టండి."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "అది పెడితే మీకే ఇబ్బంది అవుతుందేమో చూసుకోండి."

"దొంగనని తేలకపోతే చాలు. వెధవనని తేలినా ఫర్వాలేదు."

రెండు పెట్టెలు తెచ్చాను. ఈసారి గింజలు నిద్ర లేచాయి. పెట్టెకి ఇరవై మొక్కలుంచి మిగతావి పీకేశాం. మూడో ఆకు వేసినరోజున మందు కొట్టాలి. ఆ సీసా నేను కొనలేదు. శోభనాద్రి గారినే కొనిపించమన్నాను. గుడివాడలో ఆయన ఎప్పుడూ కొనే జయకృష్ణ షాపు నుంచి పాలేరు తెచ్చాడు. సీలు మాత్రం శోభనాద్రి గారే తన చేత్తో తీశాడు. మేడం చిన్న పంపుతో ఒక్కో పెట్టెనీ పక్కకి తీసుకెళ్లి కొలిచి కొట్టింది. నేను చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాను. పంపు నా భుజాన లేకుండా మందు కొట్టడం చూడటం అదే మొదలు.

పది రోజులకి తెలిసిపోయింది. పదిహేనో రోజుకి చూడనక్కర్లేకుండా ఉంది. ఎదురుమొండి ఊద సీసా కొలతకి ఇరవైకి ఇరవై మాడి నేలకి అంటుకుపోయింది. రెట్టింపుకీ అంతే. మా ఊరి ఊదలో సీసా కొలతకి పద్దెనిమిది బతికాయి. రెట్టింపు కొట్టినా పదిహేను బతికాయి. పెట్టెలోంచి తలెత్తి నన్నే చూస్తున్నట్టున్నాయి.

ఊరి కొలత పెట్టెలు రెండూ చివర ఉన్నాయి. మా ఊద ఇరవైకి ఇరవై నిక్షేపంగా ఉంది. ఎదురుమొండిది కూడా అన్నీ చావలేదు. పద్నాలుగు పోయి, ఆరు మిగిలాయి. ముందు పసుపు తిరిగి, మొదలు దగ్గర కొత్త ఆకు పుట్టించుకున్నాయి. జన్మలో మందు ఎరగని ఊద మా కొలతకి మొదటిసారే తప్పించుకుంది.

పంచాయితీ ఆదివారం పొద్దున పెట్టారు. శనివారం సాయంత్రం శోభనాద్రి గారు ఒంటరిగా గుడి దగ్గరికి వచ్చాడు. పెట్టెలన్నీ వంగి చూశాడు. ఆయన వంగగా చూడటం నాకదే మొదలు. తెలివిగలవాడు, ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

"సరేరా వాసూ. నువ్వు అమ్ముకోలేదు. ఒప్పుకున్నా."

ఆయన చివరి పెట్టెల వైపు వేలు చూపించాడు.

"ఆ చివర రెండు పెట్టెలు తీసెయ్."

"ఎందుకు బాబాయి?"

"ఎందుకేంట్రా! మిగతావి చాలు. మందు పనిచెయ్యలేదని జయకృష్ణ మీద పెడదాం. నకిలీ సరుకని రాసి ఊరంతా సంతకాలు పెడతాం, ముందు నీది. నువ్వు బయటపడతావ్, మేం బయటపడతాం. కౌలు నీకే."

"అదే సీసాకి ఎదురుమొండి ఊద చచ్చిందిగా. నకిలీ ఎట్లా అవుతుంది?"

"దీవిలో గడ్డి సంగతి ఎవడికి కావాలి? ఆ వరసా తీసెయ్."

జయకృష్ణంటే నాకేం ప్రేమ లేదు. తొమ్మిదేళ్లుగా అడిగినా అడక్కపోయినా అదే మందు అంటగట్టాడు. కానీ చెయ్యని పనికి వేలు చూపించడమంటే ఏమిటో ఆర్నెల్లుగా నేను అనుభవిస్తున్నాను.

"ఈ పెట్టెలు ఎక్కడికీ కదలవు బాబాయి. పిల్లులకే ఇవ్వలేదు."

ఆయన మొహం మాడిపోయింది. మా ఊరి ఊదలాగా కాదు, దీవిదానిలాగా.

ఆదివారం యాభైమంది దాకా వచ్చారు. మేడం ఒక్కో పెట్టె ముందు నిలబడి చెప్పింది. జనం వంగి వంగి లెక్కపెట్టుకున్నారు. నన్ను చూసి నవ్వినవాళ్లే, "అరే, రెట్టింపుకి కూడా చావలేదే" అని నోళ్లు తెరిచారు. చివరి పెట్టెల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆగి నా వైపు చూసింది. నేను ముందుకొచ్చాను.

"ఇది మన కొలత. ఈ ఆరు మొక్కలు చూడండి. తొమ్మిదేళ్లుగా ఏటా మనం ఇట్లాంటివాటిని మిగిల్చాం. సగం చంపి వదిలేసిన శత్రువు ఊరుకుంటాడా? కంకేశాక పీకిన కాసిని మొక్కల్నీ ఏం చేశాం? కంకులతో సహా బోదె కాలవలో పారేశాం. కింద చేలవాళ్లకి కూడా పంచిపెట్టాం. నేను ఒక్క చుక్క అమ్ముకోలేదు. కానీ సాగదీసి కొట్టింది ఈ చెయ్యే. సాగదియ్యమన్నది మీరు. ఎనిమిది సీసాలు పన్నెండెకరాలకి ఎట్లా సరిపోతాయని ఆ పుల్లల దగ్గర నిలబడి లెక్క చూసినవాడు ఒక్కడైనా అడిగాడా?"

వెనక నుంచి ఎవరో, "మరి కొట్టేవాడివి నీకు తెలియదా?" అన్నారు.

"తెలియదు. ఏడో తరగతిలో మానేశాను. మీలో డిగ్రీలు చదివినవాళ్లున్నారు. వాళ్లకీ తెలియదు."

మేడం మధ్యలోకి వచ్చింది. "కొలత ఒక్కటే కారణం కాదండీ. ఏటా ఒకే మందు, వెదజల్లడం, గింజ రాలనివ్వడం, అన్నీ కలిసే జరిగింది. మందు మార్చుకోవాలి. దమ్ముకి ముందే కలుపు మొలిపించి చంపాలి. కుదిరినచోట నాటాలి." కొంతమంది ఫోన్లలో ఎక్కించుకున్నారు. కొంతమంది నీడకి జరిగారు.

అంతా అయ్యాక శోభనాద్రి గారు గొంతు సవరించుకున్నాడు. "ఇదంతా బాగుంది. మేడం గారు చదువుకున్నారు, చెప్పారు. అయినా ఊరి పద్ధతి ఒకటుంది. అనుమానం మొత్తం పోవడానికి ఆ కర్పూరం కూడా ఆర్పేస్తే..."

పాలేరు చేతిలో కర్పూరం బిళ్ళల ప్యాకెట్టు ఉంది. ముందే తెచ్చుకున్నారు!

"ఈ మొక్కలు రెట్టింపు మందు తాగి సాక్ష్యం చెప్పాయి బాబాయి. ఇంతకంటే నేను చెప్పను."

"అయితే నాలుగెకరాలూ వదులుకో."

"వదిలేశాను."

అన్నపూర్ణ పిల్లుల కర్ర భుజాన వేసుకుని నాకంటే ముందు ఇంటిదారి పట్టింది. పొయ్యి దగ్గర కూర్చున్నాక మాత్రం, "నాలుగెకరాలయ్యా" అంది. ఆ పూట ఇద్దరం సరిగ్గా తినలేదు.

ఉగాది వెళ్లింది. నాలుగెకరాలు వేరేవాళ్లకి ఇచ్చాడు. కాలవకి నీళ్లొదిలాక నా ఎకరంన్నరని తడిపి, ఏమీ చల్లకుండా వదిలేశాను. పన్నెండు రోజుల్లో ఊద దుబ్బులు దుబ్బులుగా లేచింది. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూశారు.

"వాసు ఈ ఏడు గడ్డి పండిస్తున్నాడ్రోయ్."

"గేదెలు ఎన్ని కొన్నావ్ మావయ్యా?"

నవ్వనిచ్చాను. నిద్ర లేవాలి అవి. లేచినవాటిని ట్రాక్టరుకి తగిలించిన ఇనప చక్రాల, అదే కేజీ వీల్స్, కింద తొక్కించేశాను. మళ్లీ నీళ్లు పెట్టాను, మళ్లీ మొలిచాయి, ఈసారి సగం. రెండోసారి తొక్కిస్తున్న రోజున శోభనాద్రి గారి బండి గట్టు మీద ఆగింది. దిగలేదు.

"ఏంట్రా, నారు కూడా పోశావంటగా. నాటుతున్నావా?"

"నాటుతున్నా. అన్నపూర్ణా, ఇంకో నలుగురూ."

"మాది వెదజల్లాం. కుర్రాళ్లెవరికీ పంపు చెయ్యి కుదరట్లా. ఒకడు కొట్టినచోటే కొడతాడు, ఒకడు గట్టుకి కొడతాడు. ఇరవయ్యో రోజుకి వస్తావా?"

ట్రాక్టరు చప్పుడుకి వినపడనట్టు ఇంకో చుట్టు తొక్కించాను. తర్వాత గట్టెక్కి దగ్గరికి వెళ్లాను.

"పన్నెండెకరాలకి పన్నెండు సీసాలు. కిందటేడు మందు కాదు, మేడం చెప్పిన మందు."

"సరే."

"మిగిలిన ఊద కంకెయ్యకముందే పీకించాలి. బోదెలో వెయ్యకూడదు. ఎండబెట్టి కాల్చాలి."

"సరేరా బాబూ."

"ఇంకొకటుంది. 'వాసు దొంగ కాదు' అని గుడి దగ్గర నలుగురిలో మీరనాలి. తడిబట్టలక్కర్లేదు. పొడిబట్టలతోనే అనొచ్చు."

ఆయన బండి స్టార్టు చేశాడు. నా వైపు చూడకుండా, చేను వైపు చూశాడు. కేజీ వీల్స్ వెనక బురదలో ఊద తలకిందులై మునుగుతోంది. బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

నాలుగు రోజులైంది. ఆయన ఆ మాట అనలేదు. నా పంపు కొక్కేనికే ఉంది. ఆయన చేలో మొలకలు పచ్చబడుతున్నాయి, ఏది వరో ఏది ఊదో వంగి చూస్తే తప్ప తెలియదు. నా చేలో అన్నపూర్ణా వాళ్లూ వంగి నాటుతున్నారు. నేను నారు కట్టలు అందిస్తున్నాను.